ఎర్రమాత్ర వెనక దొరసాని

కడుపుతో ఉన్న ఆడపిల్ల పేరు రిజిస్టరులో రాసుకుని నర్సమ్మ చేతిలో పెట్టే ఎర్రమాత్రలు ఎరగని ఊరు మన జిల్లాలో లేదు. రక్తం మాత్రలని కొందరంటారు. బలం మాత్రలని కొందరంటారు. కొందరు రోజూ వేసుకుంటారు. కొందరు తెచ్చి గూట్లో పెట్టి మరచిపోతారు.

ఆ చిన్న మాత్రలో రెండు మందులున్నాయి. ఒకటి ఇనుము, రెండోది ఫోలిక్ ఆమ్లం. ఈ రెండో మందుకు ఇంకా పేరైనా పెట్టని రోజుల్లో ఒక ఇంగ్లీషు దొరసాని సముద్రం దాటి వచ్చి, బొంబాయి పేద వాడల్లో రక్తం లేక చనిపోతున్న గర్భిణులను, బాలింతలను బతికించే దారి వెదికారు. ఆమె పేరు డాక్టర్ లూసీ విల్స్. వైద్య గ్రంథాల్లో ఆమె పేరు నిలిచిపోయింది. ఆమె కనిపెట్టిన మందు మన ఇళ్ళలోకి వచ్చినా, ఆమె పేరు మాత్రం మన ఊళ్ళ దాకా రాలేదు.

ఆమె పనిచేసిన చోట్లలో ఒకదాని వారసత్వం ఇవాళ మనకు బస్సు దూరంలోనే ఉంది. ఉప్పల్ మీదుగా సికింద్రాబాదు వెళ్ళే బస్సు హబ్సిగూడ దాటగానే తార్నాక వస్తుంది. అక్కడ దిగి ఉస్మానియా విశ్వవిద్యాలయం వైపు వెళితే, విశ్వవిద్యాలయం ఆవరణను ఆనుకుని జాతీయ పోషకాహార సంస్థ కనబడుతుంది. మనవాళ్ళు ఏం తింటున్నారు, తిన్నది ఒంటికి ఎంత పడుతోంది, ఏది తక్కువై ఏ జబ్బు వస్తోంది అని తేల్చే సంస్థ అది.

ఆ సంస్థ పుట్టింది తార్నాకలో కాదు. నీలగిరి కొండల్లోని కూనూరులో పుట్టింది. 1918లో అక్కడి పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒకే ఒక్క గదిలో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు బెరిబెరి జబ్బు మీద పరిశోధన మొదలుపెట్టారు. చిత్రమేమంటే ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైందీ ఆ 1918లోనే. నలభై ఏళ్ళ తర్వాత, 1958లో, కూనూరు ప్రయోగశాల హైదరాబాదుకు తరలివచ్చి ఆ విశ్వవిద్యాలయం పక్కనే కుదురుకుంది. 1969లో దానికి జాతీయ పోషకాహార సంస్థ అని పేరు పెట్టారు.

అది ఇంకా కూనూరులో ఉన్న కాలంలో, 1929 వేసవిలో, లూసీ విల్స్ తన ఎలుకల బోనులతో ఆ కొండ ఎక్కారు.

పట్టా ఇవ్వని చదువు

లూసీ 1888 మే 10న ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ నగరం దగ్గరి సటన్ కోల్డ్‌ఫీల్డులో పుట్టారు. కలిగిన కుటుంబం. తండ్రి సైన్సు చదివినవారు. తల్లి ఒక పేరున్న డాక్టరు కూతురు. ఆడపిల్లలకు చదువెందుకనే రోజుల్లో కూడా ఆ ఇంట్లో చదువుకు అడ్డు లేకపోయింది.

లూసీ కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని న్యూన్‌హామ్ కళాశాలలో చేరి వృక్షశాస్త్రం, భూగర్భశాస్త్రం చదివారు. 1911లో ఆఖరి పరీక్ష ప్యాసయ్యారు. కానీ పట్టా రాలేదు. అప్పట్లో ఆ విశ్వవిద్యాలయం ఆడవాళ్ళకు పాఠం చెప్పేది, పరీక్ష పెట్టేది, పట్టా మాత్రం ఇచ్చేది కాదు. ఆ అన్యాయం 1948 దాకా సాగింది.

చదువు ముగిసిన ఏడే తండ్రి పోయారు. రెండేళ్ళకు అక్క కూడా పోయారు. 1914లో లూసీ తమ్ముడితో దక్షిణాఫ్రికా వెళ్ళారు. అక్కడుండగానే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. కేప్‌టౌన్ ఆసుపత్రిలో ఆమె కొన్నాళ్ళు నర్సుగా ఉచితంగా సేవ చేశారు. రోగుల మధ్య గడిపిన ఆ రోజుల తర్వాతే వైద్యం చదవాలని నిశ్చయించుకున్నారు.

1915లో లండన్‌లో ఆడవాళ్ళ వైద్య కళాశాలలో చేరి, 1920లో డాక్టరయ్యారు. అప్పటికి ఆమె వయస్సు ముప్పై రెండు. బోర్డు కట్టి ప్రాక్టీసు పెట్టి ఉంటే డబ్బుకు లోటుండేది కాదు. ఆమె ఆ దారి పట్టలేదు. రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో గర్భిణుల శరీరంలో జరిగే మార్పులపై పరిశోధనకు కూర్చున్నారు. జీవితమంతా ఆ పనే పెట్టుకున్నారు. పెళ్ళి చేసుకోలేదు.

బొంబాయి బాలింతలు

ఆ రోజుల్లో మన దేశంలో కాన్పుల్లో పోయే తల్లుల సంఖ్య చూసి వైద్యులు హడలిపోయేవారు. మరణాలకు కారణాలు వెదకడానికి ఒక విచారణ మొదలైంది. మహిళా వైద్య సేవా విభాగంలో ఉన్న డాక్టర్ మార్గరెట్ బాల్‌ఫోర్ దానికి ముఖ్యులు. ఆమె పిలుపు మీద లూసీ విల్స్ 1928లో బొంబాయి, అంటే నేటి ముంబయి, వచ్చి హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు.

ఆమెకు అప్పగించిన జబ్బు అంతుచిక్కనిది. నెలలు నిండుతున్నకొద్దీ తల్లి మొహం పాలిపోతుంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. నాలుక పూస్తుంది. విరేచనాలు పట్టుకుంటాయి. కాన్పుకు ముందో, తర్వాతో ప్రాణం మీదికి వస్తుంది. రక్తం చుక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే ఎర్రకణాలు చాలా తక్కువగా ఉండేవి. ఉన్నవి కూడా ఉండవలసిన దానికంటే పెద్దవిగా, ఎదుగుదల చెడినట్టు కనబడేవి. మామూలు రక్తహీనతలో కణాలు చిన్నవవుతాయి, దానికి ఇనుము ఇస్తే సరిపోతుంది. ఈ జబ్బుకు ఇనుము పనిచేయలేదు. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద కుటుంబాల్లో ఇది ఎక్కువ.

సూక్ష్మక్రిమి ఏదో లోపల చేరి ఇలా చేస్తోందని అప్పట్లో కొందరి అనుమానం. లూసీ విల్స్ ఆ సంగతి ప్రయోగశాలలో కూర్చుని తేల్చాలనుకోలేదు. వాళ్ళు ఎక్కడుంటున్నారు, ఏం వండుకుంటున్నారు అని ముందు చూశారు. ఇళ్ళలో తిండితిప్పలు ఎలా ఉన్నాయో, శుభ్రత ఎలా ఉందో విచారించి రాసుకున్నారు. కలిగినవారి తిండి ఒక పక్క, పేదల తిండి ఒక పక్క పెట్టి పోల్చారు. 1930లో తల్పడే అనే సహచరితో కలిసి ఆ వివరాలు వ్యాసంగా ప్రచురించారు.

లెక్క చూస్తే దారి కనబడింది. పాలు, పళ్ళు, కూరగాయలు, మాంసం అందని ఇళ్ళలోనే ఈ జబ్బు ఎక్కువగా ఉంది. అన్నిటికంటే నాసి తిండి తినే పేద ముస్లిం ఇళ్ళ స్త్రీలే అందరికంటే ఎక్కువగా దీని పాలవుతున్నారు. అంటే ఒంట్లోకి కొత్తగా ఏదో క్రిమి చేరడం కాదు, ఒంటికి కావలసినది ఏదో చేరకపోవడమే జబ్బు అని ఆమెకు తోచింది. ఆ చేరనిది ఏమిటన్నదే ప్రశ్న.

కూనూరు ఎలుకలు

1929 ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఆమె తన పనిని బొంబాయి నుంచి కూనూరుకు మార్చారు. అక్కడ మెక్‌కారిసన్ అప్పటికే తిండికీ ఆరోగ్యానికీ గల సంబంధం మీద పనిచేస్తున్నారు.

బొంబాయి పేదరాలు ఏం తింటుందో అదే తిండి ఎలుకలకు పెట్టి చూడడం ఆమె చేపట్టిన పద్ధతి. చూలు ఎలుకలకు ఆ తిండి పెడితే వాటికీ రక్తం తగ్గింది. ఆ తిండికి ఈస్టు కలిపితే జబ్బు రాలేదు. పిండిని పొంగజేసే, సారాయిని పులియబెట్టే మడ్డి లాంటిదే ఈస్టు. ఏ, సీ విటమిన్లు కలిపితే ఉపయోగం లేకపోయింది. ఈస్టు కలిపితే ఉంది.

అయితే పరిశోధన ఎప్పుడూ తిన్నని దారిలో నడవదు. ఎలుకల ఒంటి మీది పేల వల్ల సోకే ఒక క్రిమి కూడా వాటికి రక్తం తగ్గిస్తుందని తేలింది. అప్పటిదాకా చేసిన లెక్కల్లో ఎంత తిండి వల్ల, ఎంత పేల వల్ల అన్న అనుమానం వచ్చింది. ఆమె పని మానలేదు. తర్వాత కోతుల మీద అదే ప్రయోగం చేశారు. చాలీచాలని తిండితో జబ్బుపడిన కోతులు ఈస్టు సారం పెట్టగానే తేరుకున్నాయి. అప్పటికి ఆమె అనుమానం తీరింది.

1931 మొదట్లో ఆమె మద్రాసులోని గోషా ఆసుపత్రిలోనూ పనిచేశారు. ఇప్పుడు దాన్ని కస్తూర్బా గాంధీ స్త్రీల, పిల్లల ఆసుపత్రి అంటున్నారు.

చౌక మందు

అసలు పరీక్ష ఆసుపత్రి మంచాల మీద జరిగింది. ఇంగ్లండులో మార్మైట్ అనే పేరుతో ఈస్టు సారం సీసాల్లో అమ్మేవారు. సారాయి బట్టీల్లో మిగిలిన ఈస్టుతో చేసే ఈ నల్లటి లేహ్యాన్ని అక్కడివాళ్ళు రొట్టె మీద రాసుకుని తింటారు. చాలా చౌక. లూసీ విల్స్ దాన్ని జబ్బుపడిన గర్భిణులకు మందుగా ఇచ్చారు.

ఫలితం చూసి వైద్యులే ఆశ్చర్యపోయారు. మంచం దిగలేని వాళ్ళకు కొద్ది రోజులకే ఆకలి పుట్టింది. కొత్త ఎర్రకణాలు పుట్టుకొచ్చాయి. మొహాలకు కళ వచ్చింది. 1931లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆమె ఈ సంగతి ప్రకటించారు.

ఆ తర్వాతి పరిశోధనలో ఇంకొక గట్టి సంగతి బయటపడింది. అప్పట్లో రక్తహీనతల్లో ఒక రకానికి కాలేయం నుంచి తీసిన మందు వాడేవారు. దాన్ని బాగా శుద్ధిచేసి ఇస్తే ఆ రకం రోగులకు నయమయ్యేది. కానీ బొంబాయి గర్భిణులకు ఆ శుద్ధిచేసిన మందు పనిచేయలేదు. ముడి కాలేయం సారం, ఈస్టు మాత్రం పనిచేశాయి. అంటే శుద్ధి చేసేటప్పుడు పోతున్నది ఏదో ఉంది, అదే ఈ తల్లులకు కావలసింది. పేరు తెలియని ఆ పదార్థాన్ని వైద్యులు విల్స్ ఫ్యాక్టర్ అని ఆమె పేరుతోనే పిలవసాగారు.

1933లో ఆమె లండన్ తిరిగి వెళ్ళారు. 1937 చివర మళ్ళీ పది వారాలు బొంబాయి వచ్చారు. ఈసారి కరాచీ దాకా విమానంలో వచ్చారు.

భీమవరం బిడ్డ

ఆ పదార్థం ఏమిటో తేలడానికి ఇంకో పదేళ్ళు పట్టింది. 1941లో అమెరికాలో కొందరు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర నుంచి చిటికెడు మందు తీశారు. ఆకులో దొరికింది కనుక, లాటిన్ భాషలో ఆకు అనే అర్థం వచ్చేలా ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. కానీ టన్నుల కొద్దీ ఆకు ఉడికించి ఎందరు తల్లులకు మందు ఇవ్వగలరు? దాన్ని కార్ఖానాలో తయారుచేసే దారి కావాలి.

ఆ దారి చూపిన బృందానికి పెద్ద మన తెలుగువాడే. పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలో లెడర్లీ మందుల కంపెనీ పరిశోధన విభాగానికి ఆయన అధిపతి. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని రసాయనాలతో తయారుచేసింది. విల్స్ గర్భిణులకు ఈస్టులో అందించినది ప్రధానంగా ఇదేనని వైద్యులు ఆ తర్వాత తెలుసుకున్నారు.

సుబ్బారావుకు ఈ మందుతో సొంత కథ ఉంది. ఆయన ఇద్దరు సోదరులు స్ప్రూ అనే సంగ్రహణి వంటి జబ్బుతో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టక, రక్తం తగ్గి మనిషి చిక్కిపోయే జబ్బది. దానికీ ఫోలిక్ ఆమ్లమే మందయింది. ఆయన 1922లో భార్యను ఇంటి దగ్గర వదిలి ఓడ ఎక్కారు. తర్వాత కొడుకు పుట్టాడు. ఆ బిడ్డ పసితనంలోనే పోయాడు. తండ్రి కొడుకు మొహం చూడనేలేదు. మళ్ళీ స్వదేశం రాకుండానే సుబ్బారావు 1948 ఆగస్టులో కన్నుమూశారు. ఎందరో తల్లులను, బిడ్డలను కాపాడే మందు అలాంటి మనిషి చేతి మీదుగా వచ్చింది.

ఫోలిక్ ఆమ్లానికి ఎదురు పనిచేసే మందులను కూడా ఆయన ప్రయోగశాలే తయారుచేసింది. వాటిలో మెథోట్రెక్సేట్ ఒకటి. కాన్పు తర్వాత మాయ కణాల నుంచి పుట్టే ఒక కాన్సరుకు ఆ మందు పనిచేస్తుందని 1956లో అమెరికా వైద్యులు చూపారు. అంతకుముందు ఆ కాన్సరు ఒళ్ళంతా పాకిన తల్లి మీద ఆశ వదులుకోవలసిందే.

బాంబుల మధ్య ఇనుము

ఎర్రమాత్రలోని రెండో సగం, ఇనుము, మీద కూడా లూసీ విల్స్ పనిచేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండులో తిండికి రేషను పెట్టారు. ఆ రేషను తిండితో గర్భిణుల రక్తం ఎలా ఉంది, రోజూ ఇనుము ఇస్తే ఎంత పెరుగుతుంది అని ఆమె సహచరులతో కలిసి పరీక్షించి, 1947లో ప్రచురించారు. 1944 జులైలో ఆమె పనిచేసే రాయల్ ఫ్రీ ఆసుపత్రి మీదే జర్మనీ ఎగిరే బాంబు పడి కొందరు చనిపోయారు. కొద్ది రోజులు ఆగిన పని మళ్ళీ సాగింది.

1947లో ఉద్యోగం విరమించాక కూడా ఆమె ఊరుకోలేదు. జమైకా, ఫిజీ, దక్షిణాఫ్రికా దేశాలు తిరిగి అక్కడివారి తిండినీ, రక్తహీనతనూ పరిశీలించారు. లండన్‌లో చెల్సీ పురపాలక సభ్యురాలిగా లేబర్ పార్టీ తరఫున పనిచేశారు. ఆడంబరం ఎరుగరు. కారున్నవారి మధ్య సైకిలు మీద తిరిగిన మనిషి. 1964 ఏప్రిల్ 16న, 75 ఏళ్ళ వయస్సులో కన్నుమూశారు. ఆమె ఒకప్పుడు ఎలుకలను పెంచిన కూనూరు ప్రయోగశాల అప్పటికి ఆరేళ్ళ క్రితమే తార్నాక చేరింది.

తార్నాకలో కొనసాగింపు

ఆమె వదిలిన దారాన్ని తార్నాక అందుకుంది. 1970 ప్రాంతాల్లో ఇక్కడ లీలా అయ్యంగార్, ఆమె సహచరులు మన గర్భిణులకు ఫోలిక్ ఆమ్లం ఎంత కావాలో లెక్కకట్టారు. ఇనుము ఒక్కటే ఇచ్చిన తల్లులనూ, ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం ఇచ్చిన తల్లులనూ పోల్చి, రెండూ వేసుకున్నవారి పిల్లలు ఎక్కువ బరువుతో పుట్టారని 1975లో ప్రచురించారు. 1970లోనే కేంద్ర ప్రభుత్వం గర్భిణులకు ఈ రెండు మందుల మాత్ర ఇచ్చే పథకం మొదలుపెట్టింది.

ఎందుకు ఇది తల్లికి అంత అవసరం? ఒంట్లో కొత్త కణం పుట్టాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. కడుపులో బిడ్డ పెరుగుతోంది, మాయ పెరుగుతోంది, తల్లి రక్తం కూడా పెరగాలి. మూడు వైపులా పెరుగుదలే. ఒక్క బావి నీళ్ళతో మూడు మళ్ళు తడపవలసి వస్తే బావిలో నీరు ముందే చూసుకోవాలి కదా.

1991లో బ్రిటన్ పరిశోధకులు ఇంకొక సంగతి తేల్చారు. బిడ్డ వెన్ను, మెదడు సరిగా మూసుకోకుండా పుట్టే లోపాలున్నాయి. అలాంటి బిడ్డ ఒకసారి పుట్టిన తల్లులు, మళ్ళీ గర్భం రాకముందు నుంచే ఫోలిక్ ఆమ్లం వేసుకుంటే, ఆ లోపం నూటికి 72 పాళ్ళు తగ్గింది. గర్భం వచ్చిన నాలుగు వారాలకే బిడ్డ వెన్ను మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలియదు. అందుకే పిల్లలు కావాలనుకున్న దంపతులు ముందుగానే డాక్టరును అడిగి ఈ మాత్ర మొదలుపెట్టాలి.

గూట్లోని మాత్రలు

ఇంత జరిగినా, 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని గర్భిణుల్లో నూటికి 52 మందికి రక్తం తక్కువని తేలింది. మందు లేక కాదు. ఊరి దాకా ఉచితంగా వచ్చిన మాత్ర గొంతు దాకా పోకపోవడమూ ఒక కారణమే.

కారణాలు మనకు తెలిసినవే. వేసుకుంటే వికారంగా ఉందంటారు. విరేచనం నల్లగా వచ్చిందని భయపడతారు. బిడ్డ నల్లగా పుడుతుందని ఒకరు, బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందని ఇంకొకరు చెబుతారు. విరేచనం నల్లబడేది ఇనుము వల్ల, దానితో ప్రమాదం లేదు. బిడ్డ రంగుకూ మాత్రకూ సంబంధం లేదు. వికారం ఉంటే భోజనం చేసిన తర్వాత, రాత్రి పడుకోబోయే ముందు వేసుకుంటే సర్దుకుంటుంది. టీ, కాఫీలతో మాత్రం కలపరాదు, అవి ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. నిమ్మరసమో, ఉసిరికాయో, జామకాయో తోడైతే బాగా పడుతుంది.

2018 నుంచి అమలులో ఉన్న పద్ధతి ప్రకారం నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పు తర్వాత మరో 180 రోజులు వేసుకోవాలి. మాత్ర వేసుకున్నా రక్తం పెరగకపోతే దాచిపెట్టక డాక్టరుకు చూపించాలి. రక్తం తగ్గడానికి ఇతర జబ్బులూ కారణం కావచ్చు.

మాత్ర ఒక్కటే చాలదు. లూసీ విల్స్ మొదట చూసింది తిండినే. తోటకూర, పాలకూర, మునగాకు, పెసలు, శనగలు, పల్లీలు మన పొలాల్లో, సంతల్లో దొరికేవే. ఆకుకూరను గంటల తరబడి ఉడికించి నీళ్ళు పారబోస్తే అందులోని ఫోలిక్ ఆమ్లం ఆ నీళ్ళతో పోతుంది. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది కోడలు తినే అలవాటున్న ఇళ్ళు ఇంకా ఉన్నాయి. తొంభై ఏళ్ళ కిందట బొంబాయిలో ఆ దొరసాని రాసుకున్న లెక్క ఆ ఇళ్ళకు ఇవాళా వర్తిస్తుంది.

తార్నాక మీదుగా మన బస్సులు రోజూ వెళుతుంటాయి. ఆసుపత్రి పనిమీదో, కోర్టు పనిమీదో, పిల్లల చదువు పనిమీదో పోతుంటాం. ఈసారి ఆ దారిన వెళ్ళినప్పుడు ఆ సంస్థ కనబడితే ఒక్కసారి లూసీ విల్స్‌ను తలుచుకోవచ్చు. అంతకంటే ముందు, ఇంట్లో కడుపుతో ఉన్న ఆడపిల్ల ఉంటే, గూట్లో ఉన్న మాత్రలు లెక్కపెట్టి చూడండి.